గలాటాకు తగిన ఇల్లు

మనిషికి ఇల్లు ఎందుకని ఆ రోజుల్లో ఎవరైనా నన్ను అడిగి ఉంటే, అరుచుకోవడానికి అని తడుముకోకుండా చెప్పేదాన్ని. వానకు తడవకుండా నిలబడాలంటే బస్టాండు చాలు. వండుకోవడానికి స్టవ్వు పట్టేంత చోటు, పడుకోవడానికి చాప పరిచేంత చోటు ఉంటే చాలు. కానీ కొత్తగా పెళ్లయిన ఇద్దరు మనసారా గొంతెత్తి పోట్లాడుకోవాలంటే మాత్రం సొంత ఇల్లు ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. (ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో. నవ్వండి, మీ గోడలు ఎంత మందమో నాకేం తెలుసు!)

అప్పట్లో మేము హోసూరులో ఒక వరస ఇళ్లలో, నడిమి వాటాలో బాడుగకు ఉండేవాళ్లం. మా ఆయనది కృష్ణా జిల్లా. మోటారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, ఒక సూటుకేసుతో హోసూరులో దిగినవాడు. నేను అక్కడే పుట్టి పెరిగినదాన్ని; బజారులో మా నాన్నకు పసుపు, కుంకుమ, వక్క, కొబ్బరికాయల అంగడి ఉండేది. ఆయుధపూజకు ఫ్యాక్టరీ తరఫున గుమ్మడికాయలు కొనడానికి వచ్చిన ఈయన, బేరమాడడం చేతకాక మా నాన్న అడిగినంతా ఇచ్చేసి, పైగా థాంక్సండీ అని చెప్పి వెళ్లాడట. ఇంత అమాయకుడి చేతిలో పెడితే పిల్ల సుఖపడుతుందని మా నాన్న లెక్కేసుకున్నాడు. లెక్క తప్పలేదు గానీ, అమాయకుడికి కూడా కోపం వస్తుందనీ, వచ్చినప్పుడు దాన్ని దింపుకోవడానికి ఒక చోటు కావాలనీ ఆయనకు తట్టలేదు.

మా గదికీ పక్క వాటా వంటింటికీ నడుమ ఒకే ఒక్క ఇటుక మందం గోడ. దాని అవతల ఉండే ఆమెను మేము గోడక్క అనుకునేవాళ్లం, ఎందుకంటే ఆమె ముఖం కన్నా ముందు ఆమె గొంతు గోడలోంచి పరిచయమైంది. మంచి మనిషి. కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ మంచి మనిషి. “ఉప్పు డబ్బా యాడ పెట్టినారు?” అని నేను మా ఆయన్ని అడిగితే, ఆయన నోరు తెరిచేలోపల గోడ పలికేది: “కిటికీ పక్కన సూడమ్మా, పొద్దున ఆయప్ప ఆడ పెడతాండానని చెప్పె కదా.” చూస్తే నిజంగానే అక్కడే ఉండేది. ఈయన తుమ్మితే అటునుంచి మిరియాల కషాయం సలహా వచ్చేది. మా మొదటి పోట్లాట సాంబారులో బెల్లం గురించి. మేము బెల్లం వేస్తాం. కృష్ణా జిల్లాలో అది నేరం. “ఇది సాంబారా, పాయసమా?” అని మా ఆయన గొంతు పెంచగానే, “కొంచెం వేస్తే మేలేప్పా, నేనూ వేస్తాను” అంది గోడక్క. “మేము వేయము!” అని రెండో పక్క గోడ అందుకుంది. కాసేపట్లో వరసంతా రెండు పార్టీలయింది. అసలు గొడవ మొదలుపెట్టిన మేమిద్దరమూ మధ్యలో నోరు మూసుకుని, చల్లారిన అన్నం ముందు కూర్చున్నాం.

ఆ తర్వాత ఫోనులో పోట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చుని ఒకరికొకరం మెసేజీలు పంపుకోవడం! కోపంలో వేగంగా కొడితే ఆ ఫోను తనకు తోచిన మాట వేసేది. “నీకు బుద్ధి లేదు” అని నేను పంపినది “నీకు బుధవారం లేదు” అని వెళ్లింది. మా ఆయన దాన్ని చాలాసేపు చదువుకుని, “ఏ బుధవారం?” అని గంభీరంగా బదులు పంపాడు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే కోపం పోయిందనుకుంటాడని దిండులో ముఖం పెట్టుకుని నవ్వాను. దాన్ని ఏడుపనుకుని ఆయన క్షమాపణ పంపాడు. ఇట్లా పోట్లాడితే గెలిచినట్టూ ఉండదు, ఓడినట్టూ ఉండదు.

చివరికి జూజువాడి అనే చోటును కనిపెట్టాం. కర్ణాటక సరిహద్దు, బెంగుళూరు రోడ్డు, బారులు తీరిన లారీలు, వాటి హారన్లు. అక్కడ ఎంత అరిచినా పక్కవాడికి వినిపించదు. కోపం వచ్చినప్పుడు ఒకరు “పద” అంటే రెండోవారు “పద” అనేవారు. దారిలో మాట కలిపితే కోపం చల్లారిపోతుందని స్కూటరు మీద బిగుసుకుని కూర్చునేవాళ్లం. అక్కడి టీ అంగడాయన మా ముఖాలు చూసి, “గలాటాకు ముందర తాగుతారా, అయినాక తాగుతారా?” అని అడిగేవాడు. (మామూలుగా నేను మా ఆయన్ని మీరు అంటాను. గలాటాలో మాత్రం నువ్వు. అది మా ఇంటి వ్యాకరణం.) అంతా బాగానే జరుగుతుండగా ఒక సాయంత్రం, మా పక్కన ఆగిన లారీ డ్రైవరు, పాపం ఈ మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడానికి ఇబ్బంది పడుతున్నారని జాలిపడి ఇంజను ఆపేశాడు. సరిగ్గా అదే క్షణంలో నేను గొంతు చించుకుని, “పెళ్లిచూపుల్లో నాకు నచ్చింది నువ్వు కాదు, మీ అన్న!” అన్నాను. మీ అన్న చొక్కా అనబోయాను. ఆ రోజు ఈయన వేసుకొచ్చింది అన్నగారి చొక్కా. కానీ చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం కమ్ముకునేసరికి బెదిరిపోయి, ఆ చివరి మాట మింగేశాను. డ్రైవరు మావైపు ఒకసారి చూసి, ముఖం తిప్పుకుని, మళ్లీ ఇంజను స్టార్టు చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన స్కూటరు ఆపి, వెనక్కి తిరిగి, “మనం ఇల్లు కొనాలి” అన్నాడు.

హోసూరులో చూశాం ముందు. ఒక ఇంటాయన చెప్పిన ధర విని, అది ఆయన ఫోను నంబరు అనుకుని మా ఆయన రాసుకోబోయాడు. అప్పుడు దొరికాడు మాకు కూలింగ్ గ్లాసన్న. బ్రోకరు. ఎండలోనూ ఇంట్లోనూ నల్లకళ్లద్దాలు తీసేవాడు కాదు, కిటికీలు లేని గదిలో నిలబడి కూడా, “వెలుతురు ఎట్లుండాదో సూడండి సార్!” అనేవాడు. మా ఆయన జీతం సంగతి విని ఆయన చాలా సేపు ఆలోచించి, “దూరం పోవాలమ్మా. హైవేలో దూరం పోయే కొద్దీ రేటు దిగుతా వస్తాది. యాడ మీకు సరిపోతే ఆడ నిలుస్తాము” అన్నాడు. ఏదో బస్సు టికెట్టు లాగా చెప్పాడు గానీ, మేము నిజంగానే ఆ లెక్కనే బయల్దేరాం. ప్రతి ఆదివారం ముందు ఆయన బండి, వెనక మా స్కూటరు.

ఎవరైనా ఇల్లు చూసేటప్పుడు నీళ్లు చూస్తారు, వాస్తు చూస్తారు, పట్టా చూస్తారు. మేము ఇవన్నీ చూసి, ఆఖరున గలాటా పరీక్ష పెట్టేవాళ్లం. ఇద్దరం లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఉత్తుత్తి పోట్లాట పోట్లాడాలి. కూలింగ్ గ్లాసన్న వీధిలో నిలబడి వినపడిందో లేదో చెప్పాలి. చెప్పినంత తేలిక కాదు అది. కోపం లేకుండా అరవడం ఎంత కష్టమో అరిచి చూస్తే తెలుస్తుంది. సూలగిరిలో మొదటి ఇంట్లో ఈయన “నువ్వు... నువ్వు ఒక...” అని ఆగిపోయి, “ఏమనాలి?” అని నన్నే అడిగాడు. పోయిన నెల ఆయన నా పుట్టినరోజు మర్చిపోయిన విషయం నేనే అందించాను. దాంతో కాస్త ఊపు వచ్చింది. బయటికి వచ్చి అడిగితే, “ఒక్క ముక్క వినపడలేదమ్మా, సత్యంగా!” అన్నాడు కూలింగ్ గ్లాసన్న. మా ఆనందం చెప్పలేను. టీ అంగడి దగ్గర ఆయన గ్లాసు తిప్పుకుంటూ, “సార్, తప్పుగా అనుకోవద్దండి. ఆడకూతురి పుట్టినరోజు మర్చిపోయేది తప్పే సార్” అన్నాడు.

“వినపడలేదన్నారే!” అన్నాను.

“గోడలోంచి వినపడలేదమ్మా. తలుపు సందున చెవి పెడితే వినపడె.”

ఆ తర్వాత నిజం చెబితేనే కమీషను అని మేము గట్టిగా చెప్పాక, ఆయన నిష్ఠగా మార్కులు వేయడం మొదలుపెట్టాడు. “ఈ ఇంట్లో అమ్మ గొంతు బాగా వస్తాది, సారుది రాదు” అంటే మా ఆయన చిన్నబుచ్చుకుని, మరో అవకాశం ఇమ్మని లోపలికి వెళ్లి ఒక్కడే అరిచి వచ్చేవాడు. కృష్ణగిరిలో కొండ కింద ఒక ఇల్లు నాకు ఎంతో నచ్చింది. కానీ పెరటి తలుపు తీసి పరీక్ష పెడితే కొండ మా మాటలన్నీ మాకే తిప్పి పంపింది. పడిన తిట్టే రెండోసారి పడడం ఈయనకు నచ్చలేదు. అట్లా దిగుతూ దిగుతూ ఒక ఆదివారం సామల్పట్టి దాకా వెళ్లిపోయాం. అక్కడి ధర వినగానే ఇద్దరికీ తల తిరిగింది. మా దుడ్డుకు ఇల్లే కాదు, పెరడూ పెరట్లో సపోటా చెట్టూ వస్తాయట! నేను అప్పుడే కర్టెన్ల రంగు ఆలోచిస్తున్నాను. ఈయన మాత్రం రోడ్డు వైపు చూస్తూ, “ఇక్కడి నుంచి పొద్దుటి షిఫ్టుకు అందుకోవాలంటే ముందురోజే బయల్దేరాలి” అన్నాడు.

“రైలు స్టేషను ఉండాది కదా సార్!” అన్నాడు కూలింగ్ గ్లాసన్న.

“ఆ రైలు హోసూరు వెళ్లదు కదయ్యా.”

“పోకపోతే పోనీ సార్. స్టేషను ఉంటే ఊరికి ఒక గౌరవం.”

గౌరవాన్ని అక్కడే వదిలేసి, ముఖాలు వేలాడేసుకుని తిరుగుదారి పట్టాం. ఎండ మండిపోతోంది. ఇక ఈ జన్మకు గోడక్కే గతి అని నేను, ఇంకో ఏడాది ఆగుదాం అని ఆయన. ఆగితే ధరలు మనకోసం ఆగుతాయా అని నేను. మాటకు మాట పెరుగుతోంది గానీ రోడ్డు మీద కదా, గొంతులు అదుపులోనే ఉన్నాయి. కృష్ణగిరి దాటి కుందారపల్లి దగ్గరికి వచ్చేసరికి కూలింగ్ గ్లాసన్న బండి ఆపి, “ఈడ ఒగటి ఉండాది, ఎట్లాగూ దారే కదా, ఒక్కసారి సూసేయండి” అన్నాడు. హైవే మీంచి కాస్త లోపలికి, మామిడితోటల పక్కన ఒక చిన్న వీధి. రాతి గోడల ఇల్లు, ముందు అరుగు. అమ్మేవాళ్లు కృష్ణగిరిలో ఉంటారట. తాళంచెవి పక్కింటి అవ్వ దగ్గర ఉంది. ఆమె తాళంచెవి ఇచ్చి, మమ్మల్ని తలనుంచి కాళ్లదాకా చూసి, “నిదానంగా సూడండి” అని లోపలికి వెళ్లిపోయింది. ధర మాకు అందేలాగే ఉంది. ఫ్యాక్టరీ బస్సు హైవే మీద ఆగుతుంది. ఇక మిగిలింది పరీక్షే.

తలుపు వేసుకున్నాం. అప్పటికే పుట్టినరోజు, సాంబారు, అన్నగారి చొక్కా అన్నీ ఊరూరా అరిగిపోయి ఉన్నాయి. కొత్త సరుకు కోసం ఈయన కాసేపు తడుముకుని, “మీ నాన్న... మీ నాన్న అంగడి మీది మేడ మనకు ఇస్తానంటే నేనే వద్దన్నాను, తెలుసా?” అని అరిచాడు.

నేను జవాబు అరవబోయి ఆగాను. “ఏందీ? నిజంగానా?”

ఈయన ముఖం చూస్తే నిజమని తెలిసిపోయింది. ఉత్తుత్తి కోపంలో అసలు మాట జారింది.

“ఎప్పుడు?”

“దసరాకి” అన్నాడు చిన్నగా.

దసరా నుంచి! అంటే మేము ఎండలో హైవే పొడుగునా తిరిగిన ఇన్ని ఆదివారాలూ, మా నాన్న మేడ ఖాళీగా ఉంది, ఆ మాట నాకు తప్ప వాళ్లిద్దరికీ తెలుసు. అప్పుడు అరిచాను చూడండి, దాన్ని అరవడం అంటారు. అంతకు ముందువన్నీ దగ్గులు. “నన్ను అడగకుండా ఎట్ల వద్దంటావు నువ్వు?”

“ఆ మేడ మీద ఉంటే నేను రోజూ మెట్లు దిగి మీ నాన్నకు ఎక్కడికి వెళ్తున్నానో చెప్పి వెళ్లాలి. ఎన్నేళ్లున్నా అల్లుడిగానే ఉండిపోతాను, ఇంటివాణ్ని ఎప్పుడవుతాను?” ఈయన గొంతు కూడా మొదటిసారి నా గొంతుతో సమానంగా లేచింది. “నువ్వు అక్కడే ఉండాలనుకుంటే చెప్పు!”

“ఎవురనుకున్నారు? నన్ను అడిగింటే నేనే వద్దని చెప్పిందును!”

“మరి ఇంకేంటి నీ బాధ?”

“ఆ వద్దు అనే మాట నాది! మా నాయనకు నేను చెప్పాల్సిన మాట! నా మాటను నువ్వెట్ల చెప్తావు?”

ఎంతసేపు సాగిందో తెలియదు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తలుపు తెరిచి ఉన్నట్టు గమనించాం. గుమ్మంలో తాళంచెవి అవ్వ, చేతిలో సంగటి కెలికే తెడ్డు. ఆమె వెనక సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో ఒకాయన. ఆయన పెళ్లాం. వాళ్ల వెనక ఇంకా కొందరు. అందరికన్నా వెనక కూలింగ్ గ్లాసన్న, జీవితంలో మొదటిసారి కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని.

“ఇల్లు సూడను వచ్చినారా, కొట్లాడను వచ్చినారా?” అంది అవ్వ.

“అది ఉత్త పరీక్ష అవ్వా. లోపల మాట్లాడితే బయటికి వినపడతాదా లేదా అని...”

“వినపడె తల్లీ. బాగా వినపడె. మా దూడ తాడు తెంచుకొని పోయె.”

మా ఇద్దరినీ తీసుకొచ్చి అరుగు మీద చెరో కొసన కూర్చోబెట్టారు. మజ్జిగ ఇచ్చారు. విచారణ మొదలైంది. అవ్వ తెడ్డు ఒళ్లో పెట్టుకుని, వేలు ఒక్కొక్కరి వైపూ చూపిస్తూ, “నిలు, నాకు తెలియాల. మీ నాయన ఇస్తాననె. ఈయప్ప వద్దనె. నువ్వూ వద్దంటాండావు. మరింక కొట్లాట యాడిది?” అంది.

“నన్ను అడగలేదవ్వా!”

“అడగాల్సిందే” అన్నారు ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో. సగం గడ్డం ఆయన నవ్వి, “అడిగినా వద్దనే అనుండును కదా, ఇంక అడిగే పనేముండాది?” అన్నాడు. ఆయన పెళ్లాం మెల్లగా ఆయనవైపు తిరిగింది. “ఓహో. అందుకేనా ఆవును అమ్మేటప్పుడు నన్ను అడగలేదు?” అంతే. ఎప్పటిదో ఆ ఆవు మా నడుమ వచ్చి నిలబడింది. దానికి ఎంత వచ్చింది, ఎవరికి అమ్మారు, అది ఎన్ని పాలు ఇచ్చేది, అమ్మిన ఏడాదే దాని దూడ ఎంత బాగా ఎదిగింది. వీధంతా రెండుగా చీలిపోయింది. మమ్మల్ని పట్టించుకునేవాళ్లే లేరు. మా ఆయన మజ్జిగ గ్లాసుతో జరుగుతూ జరుగుతూ నా పక్కకు వచ్చాడు.

“నిన్ను అడగాల్సింది” అన్నాడు.

“ఊ.”

“భయమేసింది. నువ్వు సరే అంటావేమోనని.”

ఆ మనిషి ఇన్నాళ్లూ ఇంత భయం మోస్తూ నాతో ఊరూరా తిరిగాడని అప్పుడు తెలిసింది. అతని చేతిలోని గ్లాసు తీసుకుని, అందులో మిగిలిన మజ్జిగ నేనే తాగేశాను. అటు ఆవు గొడవ తారస్థాయికి చేరుకుంది. నురగ ఎండిపోయిన ఆ సగం గడ్డాన్ని చూసేసరికి ముందు నాకు, తర్వాత ఈయనకు నవ్వు వచ్చింది. ఎంత ఆపుకుంటే అంత వచ్చింది. కూలింగ్ గ్లాసన్న అప్పటికే గోడకు ఆనుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. “దీనికి మార్కులు వేసేది నా చేత కాదమ్మా” అన్నాడు.

పొద్దు వాలుతుండగా అవ్వ తెడ్డు పట్టుకుని లేచింది. “మీ పంచాయితీ ఇంకా ముగియలేదు. వచ్చే ఆదివారం రండి, తీర్పు చెప్తాము.” స్కూటరు ఎక్కాక నేను, “ఇంతగా వినపడే ఇల్లు మనకెందుకు?” అన్నాను. ఈయన కిక్కు కొడుతూ, “తీర్పు సగంలో ఉంటే ఎలా వదిలేస్తాం?” అన్నాడు. ఆదివారం వెళ్లాం. తీర్పు ఎవరికీ గుర్తు లేదు. ఆవు సంగతే ఇంకా తేలలేదట. ఆ రోజే అడ్వాన్సు ఇచ్చేశాం.

ఇన్నేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాం. మొన్న మధ్యాహ్నం వీధి చివర కొత్తగా వచ్చిన జంట ఇంట్లో అరుపులు వినిపిస్తే, వేగుతున్న పోపు వదిలేసి గరిటెతోనే పరుగెత్తాను. తలుపు తీసిన పిల్ల చెదిరిన జుట్టు సర్దుకుంటూ, “ఏమీ లేదు ఆంటీ, ఊరికే” అంది. ఆంటీ! నేను అక్కనని ఆ క్షణం దాకా నా మనసులో ఉండేది. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి, నెరిసిన పాయను చెవి వెనక్కి నెట్టి, “నన్ను ఆంటీ అనె ఆ పిల్ల” అని చెప్పాను మా ఆయనతో. ఆయన తల ఎత్తకుండా, “పోపు మాడింది ఆంటీ” అన్నాడు.

గట్టిగా అరుద్దామని నోరు తెరిచాను. నవ్వే వచ్చింది.